చదవకుండా వదిలేసిన నాలుగు వాక్యాలు

మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పోతే భూస్థాపన కూడికలో జీవిత చరిత్ర చదువుతారు. ఒక పేజీ. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. మా వంశంలో కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేది నేనొక్కడినే కాబట్టి ఆ పేజీలు రాసే పని నాది. అన్నం పళ్లెం గోడకేసి కొట్టే మా తాతను 'మృదుస్వభావి' అని రాశాను. సంఘమంతా ఆమెన్ అంది. అప్పట్నుంచి నాకు గిరాకీ తగ్గలేదు.

తన పేజీ తానే దగ్గరుండి రాయించుకున్నది మాత్రం మా పెదనాన్న ఒక్కడే.

ఆయన మిరపకాయలు కోసే కూలీల కొడుకు. మిషన్ హాస్టల్లో చదివి, సైన్యంలో ఆఫీసరై, మంచు తప్ప ఇంకేదీ పండని కొండల మీద సగం ఉద్యోగం చేశాడు. కల్నల్‌గా, ఒక శౌర్య పతకంతో తిరిగొచ్చి నల్లపాడు దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఎండాకాలం కళ్లాల మీంచి వచ్చే మిరప ఘాటుకు మేమంతా దగ్గి చచ్చేవాళ్లం. ఆయన వరండాలో కూర్చుని దాన్ని హాయిగా పీల్చేవాడు. అక్కడ కొండల మీద ఆయనకు దొరకనిది అదొక్కటేనట.

మెదడు కుంచించుకుపోతోందని డాక్టరు చెప్పిన మర్నాడే నన్ను పిలిపించాడు. నేను రాసిచ్చిన కాగితం చదివి ఎర్ర పెన్ను తీశాడు.

"మృదుస్వభావి ఎవడ్రా?"

"మీరే పెదనాన్నా."

"కొట్టేయ్. మూడొందల మందిని తిట్టి కాపాడుకున్నవాణ్ణి. వాళ్లెవరైనా వింటే నవ్విపోతారు."

కొట్టేశాను. తర్వాత పతకం సంగతి వచ్చింది. నాలుగు వాక్యాలు. కాల్పుల్లో గాయపడినా సరిహద్దు పోస్టును వదలకుండా నిలబెట్టుకున్నందుకు అని, గోడ మీద ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చూసే రాశాను. పెన్ను అక్కడ ఆగిపోయింది.

"ఇందులో వైర్లెస్ సెట్టు మోసేవాడు ఒకడుండాలి. నన్ను గుంటలోకి తోసి వాడు బయట ఉండిపోయాడు. ముందు వాడి పేరు రాయి, తర్వాత నా మెడల్ రాయి."

"చెప్పండి, రాస్తాను."

పెదనాన్న ఒక్కొక్కటీ వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. ఆ జవాను తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడని గుర్తుంది. ఎడమచేతి చిటికెన వేలు కొస లేదని, జేబులో బెల్లం ముక్క పెట్టుకునేవాడని గుర్తుంది. పేరు లేదు. ప్రశంసాపత్రంలో కూడా 'సహచర జవాను' అనే ఉంది.

"వాడి పేరు లేకపోతే నా మెడల్ చదవొద్దు. ఇది ఆర్డర్," అన్నాడు.

రికార్డుల ఆఫీసుకు రాశాను. సర్వీసు నంబరు ఉంటే పేరు చెబుతారట. పేరు ఉంటే సర్వీసు నంబరు చెబుతారట. ఆయన పాత డైరీలో దొరికిన ఒకే ఒక్క సైన్యం స్నేహితుడి ఫోను నంబరుకు చేస్తే, నాన్నగారు పోయి మూడేళ్లయిందని ఎవరో హిందీలో చాలా మర్యాదగా చెప్పారు.

ఈలోగా పెదనాన్నలోంచి మిగతావన్నీ పోతున్నాయి. ఈ ఒక్కటి పోయిందన్న సంగతి మాత్రం పోవడం లేదు.

"నర్సుననుకుని నన్ను సిస్టర్ అంటున్నాడ్రా," అంది పెద్దమ్మ. "నలభై ఎనిమిదేళ్ల కాపురం. నా పేరు పోయినందుకు ఏడవలేదు, వాడి పేరు పోయినందుకు ఏడుస్తున్నాడు."

ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన గోడకు నుదురు కొట్టుకుంటున్నాడు. గట్టిగా కాదు. తలుపు తట్టినట్టు, లోపల ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు. "వాడు నా కోసం చచ్చిపోయాడు. నేను వాణ్ణి పోగొట్టుకున్నాన్రా," అన్నాడు.

నేను ఒక పేరు చెప్పాను. ఆ కొండల వైపు నలుగురిలో ఇద్దరికి ఉండే పేరు. రికార్డుల ఆఫీసు నుంచి జవాబు వచ్చిందన్నాను.

ఆయన మూడుసార్లు పలికి చూసుకున్నాడు. "వాడే," అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయాడు.

మర్నాడు వాళ్ల ఊరేదని అడిగాడు. ఊరు కూడా కల్పించాను. తల్లి ఉందా అన్నాడు. నూరేళ్లు దాటి ఉండాల్సిన మనిషి. ఉందన్నాను. అయితే ఉత్తరం రాయమన్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి చివర్లో బాధపడలేదు," అని చెప్పి, నా వైపు తిరిగాడు. "అది అబద్ధం. అయినా రాయి."

ఎర్ర పెన్నుతోనే సంతకం చేశాడు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. తపాలా శాఖను తప్పుపట్టడానికి లేదు.

పెదనాన్న ఏప్రిల్లో పోయాడు. పేజీలు అచ్చయి వచ్చాయి, నాలుగు వాక్యాలతో, ఆ పేరుతో. చర్చిలో అందరి చేతుల్లో ఒక్కొక్కటి ఉంది. నేను నిలబడి చదివాను. పుట్టిన ఊరు, హాస్టలు, పెళ్లి, పోస్టింగులు. అక్కడిదాకా వచ్చి ఆగాను. ఆయన ఇచ్చిన ఆర్డరు ఇంకా అమల్లో ఉందని, పేరు దొరకలేదని తెలిసినవాణ్ణి ఆ చర్చిలో నేనొక్కణ్ణే. నాలుగు వాక్యాలూ దాటేసి రిటైర్మెంటు చదివాను. దుఃఖం ఆపుకోలేకపోతున్నాననుకుని పాస్టరుగారు నా భుజం తట్టారు.

బయట చిన్నాన్న పట్టుకున్నాడు. "ఏరా, అసలైందే మింగేశావు. కాగితం చూసి చదవడానికి కూడా ఎమ్మే చాల్లేదా?"

పెద్దమ్మ అందరూ వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఆ పేరు నువ్వు పెట్టిందే కదూ?"

"అవును పెద్దమ్మా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది.

"చివరి రెండు రోజులూ ఆ పేరే పిలిచాడ్రా. పిలవడం, ఆగి వినడం. పలకట్లేదేంటి సిస్టర్ అని నన్నడిగాడు. నేనేం చెప్పను?"