బాబాయి గారి రిబ్బను

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకి రాని పనంటూ ఉండదు. ఏదీ రాదని తెలియడానికి కాస్త సర్వీసు కావాలి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తాడేపల్లిగూడెం ఆఫీసువాళ్ళు మెడలో ఒక కార్డూ, చేతికి ఒక నిచ్చెనా ఇచ్చి, కొల్లేటి లంకలో ఊరంతటికీ వైర్లు లేని ఉచిత ఇంటర్నెట్ పెట్టి రమ్మన్నారు. ఆ లంకలో ఫోను మాట్లాడాలంటే చెరువు గట్టు చివరికి నడవాలి, నెట్టు కావాలంటే ఆకివీడు బస్సెక్కాలి. నేను బడి మేడ మీద గొట్టం పాతి, డిష్ బిగించి, ఆకివీడు టవరు వైపు తిప్పి, "ఇంక మీరెవరూ బస్సెక్కక్కర్లేదండీ" అని ఊరందరికీ చెప్పేశాను. (ఎవరూ అడగలేదు.)

నా మాట నమ్మింది ఒక్కరే, చేపల చెరువుకి కాపలా ఉండే బాబాయి గారు. చుట్టరికమేమీ లేదు, వాళ్ళింట్లో రెండు పూటలా భోంచేసి నేనే కలుపుకున్నాను. వాళ్ళమ్మాయి పాలిటెక్నిక్ సీటుకి ఆప్షన్లు పెట్టుకోవాలి. గురువారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. ఆకివీడు వెళ్ళొస్తామంటే నేనే ఆపాను. "ఇంట్లో కూచుని పెట్టుకోవచ్చండీ, నాదీ పూచీ." గూడెం వెళ్తూ వెళ్తూ, డిష్ మీద కొంగలు వాలకుండా కాస్త చూడమని బాబాయి గారికి అప్పజెప్పాను కూడా.

గురువారం మూడింటికి నేను దిగేసరికి నెట్టు లేదు. రూటరు ఆపి మళ్ళీ వేశాను, వైరు మార్చాను, గట్టు చివరికి పరిగెత్తి ఆఫీసుకి ఫోన్ చేశాను. టవరు బాగానే ఉందన్నారు. నాలుగు దాటింది, బస్సు వెళ్ళిపోయింది. పిన్ని గారు మజ్జిగ తెచ్చిచ్చారు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఐదింటికి మూసేస్తారు కదండీ అన్నయ్యగారూ?" అంది అమ్మాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మేడెక్కాను. (అంతవరకూ ఎక్కకపోవడమే నా ఇంజినీరింగు.) డిష్ కనపడలేదు. చెరువుల మీద పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టే వెండి రంగు రిబ్బను పైనుంచి కిందదాకా సందు లేకుండా చుట్టి ఉంది. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను. ఆ రేకులోంచి సిగ్నలు దూరే ప్రసక్తే లేదు.

"ఒక్క కొంగ వాలితే ఒట్టండీ," అన్నారు వెనకనుంచి బాబాయి గారు. "నిన్న సాయంత్రమంతా కూచుని చుట్టానండీ."

కూతురి సీటు ఎవరివల్ల ఆగిందో ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "ఎండకి వేడెక్కిందండీ, కాస్త గాలి తగలాలి" అంటూ రిబ్బను పీకేశాను. ఐదుకి పది నిమిషాలుండగా ఆప్షన్లు వెళ్ళాయి. అంతసేపూ ఆయన డిష్ పక్కన నిలబడి తువ్వాలుతో కొంగల్ని తోలుతూనే ఉన్నారు. అమ్మాయికి కోరుకున్న సీటే వచ్చింది.

మళ్ళీ నెల వెళ్ళేసరికి, డిష్‌కి ఎండ తగలకుండా తాటాకు పందిరి వేసి ఉంది. సిగ్నలు కొంచెం తగ్గింది.

ఇప్పుడు ఏలూరు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి, లోపం ఎక్కడుందో ఉన్నదున్నట్టు రాయాలయ్యా అని నేనే పాఠం చెప్తూంటాను. ఆ గురువారం నా రిపోర్టులో మాత్రం 'అధిక ఉష్ణోగ్రత' అనే ఉంది. బాబాయి గారు ఏటా తాటాకు మారుస్తున్నారు. పందిరి తీసేయమని చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.