తొట్టి గోడకు తగిలిన రోజు

మా ఎదురింటి కోడలు సముద్రపు ముళ్ళబంతులను, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి జీవులను, పెంచే షెడ్డులో పనిచేస్తుంది. జబ్బు తగిలి తీరమంతా అవి చచ్చిపోగా, మిగిలిన కాసినీ ఆమె తొట్టిలోనే ఉన్నాయి. ఇవి గుడ్లు పెట్టకపోతే ఆ వంశమే నిలవదు. పైకి చూస్తే ఆడేదో మగేదో కూడా తెలియదాయె. అవి బెదురుతాయని మునివేళ్ళ మీద నడిచీ నడిచీ, ఇంట్లో కూడా గిన్నెను చప్పుడు కాకుండా దించడం ఆమెకు అలవాటైపోయింది.

"పురుడు వాటికా, నీకా?" అని అత్తగారు దెప్పుతుంది.

మొన్న తొట్టిని జరుపుతుంటే ఆమె కాలు జారింది. తొట్టి గోడకు ఠపీమని తగిలి, నీళ్ళు తెల్లగా మారిపోయాయి.

"అయ్యో, చంపేశాను!" అని కూలబడింది.

తోటి పనామె తొంగిచూసి, "చావలేదే పిచ్చిదానా! కుదుపుకి బీజం వదిలాయి. తెల్లనిది మగవాటిది. పచ్చగా జారేవి గుడ్లే!" అంది.

ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇన్నాళ్ళూ బతిమాలితే వినలేదేం, మొండిఘటాల్లారా!" అని తొట్టిలోకి వంగి, నవ్వుతూ తిట్టింది.