బర్రె తోక పట్టుకున్న వేళ

పెళ్లి బట్టలతో కుంటలోకి దిగినవాణ్ణి తెలివైనవాడని ఎవరూ అనరు, నేనూ అనను. మాది సీతారామపురం దగ్గర పల్లె. ఆత్మకూరులో పెళ్లికి ఉన్నది ఒక్క మధ్యాహ్నం బస్సే. రాకపోతే ఊరుకోనని ముందే వెళ్లిన మా ఆవిడ హెచ్చరించింది. మా బర్రె మాత్రం నీళ్లలోంచి లేవనంది.

గట్టు మీద తెల్ల చొక్కాతో నిలబడ్డ బావమరిది, "తోక పట్టుకో బావా, అదే లాక్కొస్తాది" అన్నాడు.

పట్టుకున్నాను. అది లోపలికి లాక్కెళ్లింది. నడుం దాకా బురదలో దిగబడ్డాను. అరిచే ఓపిక కూడా లేదు.

దూరంగా బస్సు హారన్ వినబడింది.

"బావకు బర్రే ముఖ్యమంట అని అక్కకు చెప్తాలే" అంటూ వాడు కదిలాడు.

"పొయ్యే ముందు ఒక చెయ్యియ్యిరా" అన్నాను నీరసంగా.

ఇచ్చాడు. లాగాను.

బస్సు వెళ్లిపోయింది. బర్రె ఒక్కటే గట్టెక్కి, బురదలో ఉన్న మా ఇద్దర్నీ చూస్తూ నెమరేసింది.