పుల్లన్న బాయిలర్ హత్య కేసు

తొంభైల మొదట్లో, వేరుశెనగ కొత్త పంట మిల్లులకు చేరుతున్న రోజుల్లో, నన్ను కడప జిల్లాకు బాయిలర్ల ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కుర్చీ కూడా అప్పుడు ఖాళీగా ఉండడంతో ఆ బరువునూ అదనపు బాధ్యత పేరుతో నా నెత్తినే పెట్టారు. ఆ రోజుల్లో ఆ జిల్లాకు పోస్టింగు వస్తే మా శాఖలో ఎవరూ అభినందించేవారు కాదు. చేయి పట్టుకుని పిల్లలెంతమంది అని అడిగేవారు. చార్జి తీసుకున్నరోజు నాకు అప్పగించినవి ఒక సుత్తి, ఒక టార్చిలైటు, సరిచూసుకోవడానికి ఒక ప్రామాణిక ప్రెషర్ గేజి, ఎత్తు కనపడితే ఆగి ఆలోచించే ఒక జీపు. ఆ జీపు ఆలోచించినంతగా మా పైఅధికారులు ఆలోచించి ఉంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మా పని గురించి తెలియనివారికి రెండు ముక్కలు. లోపల ఒత్తిడి, బయట మనుషులు, మధ్యలో ఇనప రేకు. ఆ రేకు ఎంత మందం మిగిలిందో చూడడమే మా ఉద్యోగం. నిప్పు తగిలి నీటిని ఆవిరి చేసేది బాయిలర్. నిప్పు సోకకుండా ఒత్తిడిని మోసేవి మిగతా పాత్రలన్నీ. జమ్మలమడుగు నాపరాతి గనుల్లో కంప్రెసరు గాలిని దాచుకునే ట్యాంకులుండేవి. వాటిని రిసీవర్లంటారు. అడుగున చేరే నీటిని రోజూ కుళాయి తిప్పి వదలకపోతే రేకును లోపలినుంచి తుప్పు తినేస్తుంది, బయట రంగు మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. పులివెందుల వైపు బోర్లు వేసే లారీలు వీపుమీద మోసుకు తిరిగేవీ అవే. ఆస్పత్రుల్లో ఆటోక్లేవులు, అంటే కత్తులనూ కత్తెరలనూ ఆవిరిలో ఉడికించే పెద్ద కుక్కర్లు; వాటి ప్రాణం తలుపు బిగింపులో ఉంటుంది. ఐసు ఫ్యాక్టరీల్లో అమ్మోనియా పాత్రలు. అవి పగలక్కర్లేదు, కారితే చాలు, వీధి వీధంతా కళ్లు మూసుకుని పరుగెడుతుంది. ప్రొద్దుటూరు నూనె మిల్లుల్లో గింజలను వేడిచేసే రెండు గోడల కెటిల్, దానికి ఆవిరి పంపే బాయిలర్. నా కథ ఈ చివరిదాన్ని గురించి.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లే దారిలో ఎదురెదురుగా రెండు మిల్లులుండేవి. ఒకటి పుల్లన్నది, రెండోది ఓబన్నది. ఒకరు పాలకపక్షం, ఒకరు ప్రతిపక్షం; ఎన్నికలు అయినప్పుడల్లా మారేవారు కాబట్టి ఎవరు ఏ పక్షమో చెప్పినా ఉపయోగం లేదు. మధ్యనున్న రోడ్డు ప్రభుత్వానిదే గాని, దాన్ని దాటడానికి ప్రభుత్వం కూడా జంకేది. వాళ్లు పోటీ పడని విషయం లేదు. గోడల ఎత్తు, జీపుల సంఖ్య, వెంట నడిచే మనుషుల మీసాలు, చివరికి బాయిలర్ విజిల్. పుల్లన్న విజిల్ వేస్తే ఎర్రగుంట్ల స్టేషన్లో గార్డు జెండా ఊపేవాడనీ, ఓబన్న విజిల్‌కు చెన్నూరు దగ్గర పెన్నలో చేపలు ఒడ్డుకు గెంతేవనీ వాళ్ల వాళ్ల మనుషులు నాతో ప్రమాణం చేసి చెప్పారు.

బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఆ మిల్లుల్లో ఉన్న పాతకాలపు కార్నిష్ రకం బాయిలర్లలో అది ఒక మీట, దాని చివర ఒక బరువు. లోపలి ఒత్తిడి మేం అనుమతించిన హద్దు దాటగానే వాల్వు మీటను ఎత్తుకుని నోరు తెరిచి బుస్సుమని ఆవిరి వదిలేస్తుంది. మనుషుల ప్రాణాలు కాపాడే చప్పుడు అది. ఆ బరువు కదపకుండా మేం సీసంతో సీలు వేస్తాం. కానీ ఆ రోడ్డుమీద ఆ చప్పుడుకు వేరే అర్థం ఉండేది. పుల్లన్న వాల్వు బుస్సుమంటే ఎదుటి గోడ మీదినుంచి ఈలలు పడేవి, తట్టుకోలేక పుల్లన్న బాయిలర్ వెనక్కి తగ్గిందని.

ఒకరోజు మధ్యాహ్నం పుల్లన్న బాయిలర్ పేలింది. నాకు కబురు చేసింది మిల్లు కాదు, పోలీసులు. అది కూడా నన్ను రమ్మని కాదు. బాంబు కేసు నమోదు చేశాం, బాయిలర్ దెబ్బతింది, తెలియజేస్తున్నాం అని. నేను జీపును తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ చేరేసరికి బాయిలర్ గదికి కప్పు లేదు. పార్టీ జెండాలు కట్టిన బండ్లు మాత్రం గేటు నుంచి కనుచూపు మేర ఉన్నాయి. పుల్లన్న నులకమంచం మీద, ఇంట్లో మనిషి పోయినట్టుగా, తల వంచుకుని కూర్చుని పరామర్శలు అందుకుంటున్నాడు.

"రాండి సార్, కూచోండి. ఇంగ మీరు చూసేదేముంది?" అన్నాడు. "మాది రోగమొచ్చి సచ్చిన బాయిలర్ కాదు. దాన్ని యేసి సంపినారు."

రోడ్డు అవతల ఇంకా విచిత్రం. మేం వేయలేదని అక్కడ ఒక్కరూ అనడం లేదు. కుర్రాళ్లు గోడ మీద వరసగా కూర్చుని సోడాలు తాగుతూ, ఒకరి భుజం ఒకరు చరుచుకుంటున్నారు. ఆ పద్ధతి నాకు అప్పటికింకా కొత్త. పెద్ద మనిషి మీదికి కేసు వస్తే, ఏమీ చేయని అనుచరులు కొందరు తామే చేశామని లొంగిపోతారు. జైలుకు వెళ్లిరావడం వాళ్లకు పట్టా పుచ్చుకోవడంలాంటిది. ఎవరెవరు లొంగిపోవాలో అప్పుడే పంచుకోవడం కూడా అయిపోయిందట. కొట్టించుకున్నవాడు బాంబు అంటున్నాడు, కొట్టనివాడు అవునంటున్నాడు, పోలీసులు రాసుకుంటున్నారు. ఇంత చక్కటి ఏకాభిప్రాయం ఆ జిల్లాలో తాగునీటి విషయంలో ఏనాడైనా కుదిరిందా అని నాకు ఒళ్లు మండింది.

ఆ మంట అసలు మంట కాదని మర్నాడు ఆస్పత్రిలో తెలిసింది. బాయిలర్ అటెండెంటు దస్తగిరికి మోకాళ్ల కిందంతా ఆవిరికి ఉడికిపోయింది. పరీక్ష పాసై సర్టిఫికెట్టు తీసుకున్నవాడే బాయిలర్ దగ్గర ఉండాలని చట్టం. అతను ఆ పరీక్ష పాసైన మనిషి. మంచం పక్కన అతని భార్య మస్తాన్‌బీ విసనకర్రతో విసురుతోంది. నేను ఎవరో చెప్పుకోగానే ఆమె లేచి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, ఈయన పొయ్యి కాడ కూచోనుండాడు. గోడవతల ఎవురొచ్చినారో ఈయనకెట్ల తెలుస్తాది? పొద్దున్నించి వచ్చి పేర్లు నేర్పిస్తాండారు, బాంబు యేసినోళ్ల పేర్లు. ఎక్కాలు నేర్పిచ్చినట్ల నేర్పిస్తాండారు. చెప్తే ఆపక్కోళ్లు బతకనీరు, చెప్పకపోతే ఈపక్కోళ్లు బతకనీరు. మేం యాడికి పోవాల?"

అది బాంబు అయితే దస్తగిరి సాక్షి. ఆ రోజుల్లో ఫ్యాక్షను కేసులో కళ్లారా చూసిన సాక్షి అంటే కోర్టు మెట్ల దాకా వెళ్లినవాడు తక్కువ, దిగి ఇంటికొచ్చినవాడు మరీ తక్కువ. అది బాయిలర్ అయితే అతను ప్రమాదంలో గాయపడ్డ కార్మికుడు. చట్టప్రకారం యజమాని నష్టపరిహారం ఇవ్వాలి, అతను ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. ఏమయ్యిందని దస్తగిరిని అడిగాను. అతను కళ్లు మూసుకుని ఒక్క మాటన్నాడు.

"నేను వద్దనే అన్యా సార్. గుండు యాలాడదీసినారు."

గుండు అంటే ఆ ప్రాంతపు ఊళ్లలో కుర్రాళ్లు బలం చూపించుకోవడానికి ఎత్తే గుండ్రటి రాయి. ప్రతి ఊరికీ ఒకటుంటుంది, దాని బరువు ఆ ఊరి పరువు. వాల్వు బుస్సుమనడం నామోషీ అనిపించి, పుల్లన్న తన సొంత ఊరి గుండు తెప్పించి, గొలుసు చుట్టి మీట చివర వేలాడదీయించాడు. మా సీసం సీలును మాత్రం ఎవరూ తాకలేదు. ఆ విషయంలో వాళ్లు ఎంత చట్టబద్ధంగా నడుచుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి.

తిరిగి వెళ్లి ముక్కలు చూశాను. రేకు రివెట్ల వరసమీద పైకి చీలింది, అంచులు బయటికి విచ్చుకున్నాయి. బయట బాంబు పడితే రేకు లోపలికి సొట్టపోవాలి, మసి ఉండాలి, నాటుబాంబులో కూరే మేకులో గాజుపెంకులో ఎక్కడైనా గుచ్చుకుని ఉండాలి. ఒక్కటీ లేదు. చీలిక పైకి పోయింది కాబట్టే ముందువైపు కూర్చున్న దస్తగిరి బతికాడు. సరే, లోపలి ఒత్తిడే కారణం. కానీ ఎంత ఒత్తిడి? గేజి పగిలిపోయింది. గుండు తూకం తెలిస్తే, మీట పొడవుకూ వాల్వు నోటి వైశాల్యానికీ లెక్క కట్టి, అది నోరు తెరవకుండా ఎంతవరకు ఓర్చుకుందో చెప్పగలను. గుండు మాత్రం కనిపించలేదు. పుల్లన్నను అడిగితే గుండేంది, మా ఇంట్లో గుండేంది అన్నాడు.

ఈలోపు హైదరాబాదు నుంచి మా డిప్యూటీ చీఫ్ ఫోను చేశారు. ఆయనకు రెండు పక్షాల నుంచీ ఫోన్లు వెళ్లాయి. అది కూడా ఏకాభిప్రాయమే. "బాహ్య కారణం" అని ఒక్క మాట రాసి ముగించమన్నారు. ఆ మాట అబద్ధం కాదట, సౌకర్యమట. మనం ఇనుముకు డాక్టర్లం గాని మనుషులకు కాదని కూడా సెలవిచ్చారు. నేను ఫోను పెట్టేసి, ఆ గది గోడతో చాలాసేపు మాట్లాడాను. ఆ మాటలు అచ్చువేయడానికి పనికిరావు.

గుండు ఎక్కడుందో అడగకుండానే తెలిసింది. అది రోడ్డుకు అడ్డంగా ఎగిరి ఓబన్న మిల్లు కప్పు చీల్చుకుని గింజల కుప్పలో పడింది. ఊరి పేరు చెక్కి ఉండడంతో గుర్తుపట్టి, వాళ్లు దాన్ని వాకిట్లో బస్తా పరిచి కూర్చోబెట్టారు. శత్రువు గుండు స్వయంగా నడిచొచ్చి లొంగిపోయినట్టు లెక్క. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఆఖరికి చక్రాయపేట నుంచి కూడా మనుషులు బస్సెక్కి వచ్చి చూసిపోతున్నారని విన్నాను.

నేను వెళ్లేసరికి ఓబన్న దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. గుండు నాకు కావాలన్నాను. ఇవ్వనన్నాడు. ఈ రాయే మీరు బాంబు వేయలేదనడానికి రుజువు అని విడమరచి చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"మేం యేయలేదని నువ్వు రాస్తే రేపు మా మొగం యాడ పెట్టుకోవాలప్పా?"

అరిచి లాభం లేదని అప్పుడు అర్థమైంది. ఎందుకడిగానో గాని, దీని బరువెంత అన్నాను. అంతే, గోడ మీది కుర్రాళ్లంతా కిందికి దూకారు. పుల్లన్న ఊరివాళ్లు దీన్ని గురించి కొండంత చెప్పుకుంటారనీ, నిజానికి అందులో సగం కూడా ఉండదనీ, తమ ఊరి గుండు ముందు ఇది గోలీకాయనీ ఒకేసారి చెప్పారు. అయితే తూచి చూద్దామా అన్నాను. ఓబన్న కళ్లు మెరిశాయి. కాటా తెప్పించాడు. గుండెక్కించారు. పుల్లన్న చెప్పుకునేదానికంటే కొంచెం తక్కువే తూగింది.

"రాసుకో సార్," అన్నాడు ఓబన్న. "తక్కువుందని రాసుకో. నేను సంతకం పెడతా."

నేను పంచనామా రాశాను. ఫలానా ఊరి పేరు చెక్కి, మీట గొలుసు ఇంకా చుట్టుకునే ఉన్న రాయి, ఎదుటి మిల్లులో పేలుడు జరిగినప్పుడు ఎగిరొచ్చి ఈ కప్పులోంచి పడిందని, తూకం ఇంత అని. ఓబన్న మూడు ప్రతుల మీద, అక్షరం అక్షరం చెక్కినట్టు సంతకం చేశాడు. కుర్రాళ్లు సాక్షులుగా చేశారు. బాంబు వేసి జైలుకు పోదామని సిద్ధపడ్డవాళ్లే, బాంబు లేదని సంతకాలు పెట్టి నాకు టీ ఇప్పించారు. టీ తాగి, వాళ్ల బాయిలర్ గదిలోకి వెళ్లి, అక్కడ మీటకు వేలాడుతున్న వాళ్ల గుండును చూసి, పొయ్యిలో నిప్పు బయటికి లాగించి, ఆవిరి మెల్లగా దించి, ఆ బాయిలర్‌కు కూడా ఆపుదల ఉత్తర్వు అంటించాను. టీ మళ్లీ ఇవ్వలేదు.

లెక్క కట్టాను. ఆ గుండు ఉన్నంతసేపు వాల్వు అనుమతించిన ఒత్తిడికి రెండింతలు దాటినా తెరుచుకోదు. మేం పరీక్షించేటప్పుడు కూడా చన్నీళ్లు నింపి ఒకటిన్నర రెట్లకు మించం. నీళ్లయితే రేకు చీలినా కారి ఊరుకుంటాయి, వేడి ఆవిరి ఊరుకోదు. నివేదికలో అదంతా రాసి, పరిహారం తేల్చే కార్మిక శాఖ అధికారికి ఒక ప్రతి, పోలీసులకు ఒక ప్రతి పంపాను. ఆ తర్వాతే మా డిప్యూటీ చీఫ్‌కు పంపాను.

పుల్లన్న దాన్ని చదివించుకుని జీపు వేసుకుని మా ఆఫీసుకొచ్చాడు. కారణం గురించి గొడవ పడతాడనుకున్నాను. ఆయన బాధ అది కాదు. తన గుండు తూకం తగ్గించి రాశానట. ఓబన్న కాటా దొంగ కాటా అట. అక్కడే కూర్చుని, తన ఊరి గుండు అంతకంటే చాలా బరువనీ, అంత బరువు గుండునే తన బాయిలర్ మోసిందనీ, రికార్డు సరిదిద్దాలనీ అర్జీ రాయించి సంతకం పెట్టాడు. నేను దాన్ని నివేదికకు జతపరిచాను.

బాంబు కేసు ఎండిపోయింది. దస్తగిరికి పేర్లు నేర్పించడం ఆగింది. పరిహారం కోసం మస్తాన్‌బీ ఆఫీసుల చుట్టూ బాగానే తిరిగింది, చివరికి వచ్చింది. అతను మళ్లీ బాయిలర్ దగ్గర నిలబడలేకపోయాడు, కాళ్లు సహకరించలేదు. నన్ను జిల్లా నుంచి బదిలీ చేశారు. ఆ ఉత్తర్వులో కారణం "పరిపాలనా సౌలభ్యం" అని ఉంది. మా డిప్యూటీ చీఫ్ సౌకర్యంలాంటి మాటే.

తల పూర్తిగా నెరవకముందే నేను స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేశాను. అప్పటిదాకా ఎన్ని పగిలిన పాత్రలు చూసినా ఒకటే పద్ధతి పాటించాను. నేను చేరేలోపే అక్కడ ఒక కారణం తయారై కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. దానికి నమస్కారం పెట్టకుండా ముందు ముక్కలు కొలవాలి, బరువులు తూయాలి, చూసినవాళ్ల చేత సంతకాలు చేయించాలి. వాంగ్మూలాలు ఆ తర్వాత. పైఅధికారికి ఫోను అన్నిటికంటే చివర.