షామ్‌బర్గ్ నుంచి మిల్వాకీకి: ఒక జర్మన్ క్లబ్ ఆఖరి లీగ్ మ్యాచ్

మిల్వాకీ వెళ్ళేవాళ్ళు సాధారణంగా సరస్సు ఒడ్డున నడవడానికో, మ్యూజియం చూడటానికో వెళ్తారు. మేము వెళ్ళింది ఒక పాత హాల్లో కూర్చుని, జర్మనీలో జరుగుతున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌ని తెర మీద చూడటానికి. అదేదో ఇంట్లో సోఫాలో కూర్చుని చూడొచ్చు కదా అని మా ఆయన అడుగుతూనే ఉంటాడు. చూడొచ్చు. కానీ పదిమందితో కలిసి ఓడిపోవడం వేరు, ఒంటరిగా ఓడిపోవడం వేరు. ఈ క్లబ్‌ని అభిమానించేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుసు. పెళ్ళికి ముందు కంపెనీ నన్ను ఆన్‌సైట్ కింద రెండేళ్ళు జర్మనీలోని ఒక బొగ్గు గనుల ఊరికి పంపింది. అక్కడ గనులు ఎప్పుడో మూతపడ్డాయి, క్లబ్ మాత్రం మిగిలింది. నాకీ జబ్బు అంటుకున్నది అక్కడే. క్లబ్ పేరు రాయను. రాస్తే తెలిసినవాళ్ళు జాలిపడతారు, తెలియనివాళ్ళు "అదేం టీమ్?" అంటారు. రెండూ నాకు అలవాటే.

ఈసారి నాతో వచ్చింది మా మామయ్యగారు రాజేశం. మంచిర్యాల దగ్గర బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయ్యారు. నవంబర్ చివర్లో మా దగ్గరికి వచ్చారు. మేముండేది చికాగో శివారు షామ్‌బర్గ్‌లో, అక్కడ చలికాలంలో కారు నడపని మనిషికి చేయడానికి ఏముంటుంది? కిటికీ దగ్గర కూర్చుని మంచు తీసే బండ్లు చూస్తుండేవారు. జనవరిలో ఒక శనివారం పొద్దున నేను మ్యాచ్ పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏం ఆట బిడ్డా ఇది, పొద్దుగాల పొద్దుగాల?"

చెప్పాను. అది గని కార్మికులు పెట్టుకున్న క్లబ్ అని కూడా చెప్పాను.

"అట్లనా? అయితే మనోళ్ళే," అని కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకున్నారు. ఆ రోజు మనోళ్ళు మూడు గోల్స్ తిన్నారు. ఆయన మాత్రం చివరిదాకా లేవలేదు. ఆ తరువాత నేను మిల్వాకీ వెళ్ళిన ప్రతిసారీ ఆయన నాకంటే ముందే బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడేవారు.

జర్మనీ క్లబ్‌లకి ఒకే సీజన్‌లో రెండు పోటీలు నడుస్తాయి. లీగ్‌లో అందరూ అందరితో ఆడాలి, అడుగున మిగిలినవాళ్ళు రెండో డివిజన్‌కి పడిపోతారు. కప్ నాకౌట్, ఓడితే ఇంటికే. మా క్లబ్ ఈ ఏడాది లీగ్‌లో ఎవరి మీదా గెలవనివాళ్ళ చేతుల్లో కూడా ఓడింది. కప్‌లో మాత్రం ఎవరు ఎదురైనా ఎలాగోలా పెనాల్టీల దాకా లాగి గెలిచి, ఏకంగా ఫైనల్ చేరింది. "పరీక్షలల్ల ఫెయిలై కబడ్డీల కప్పు తెచ్చే పోరగాని లెక్కున్నది మన టీమ్," అని మామయ్య ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఫైనల్‌కి వారం ముందు ఈ ఆఖరి లీగ్ మ్యాచ్. డ్రా చేసుకుంటే మొదటి డివిజన్‌లో ఉంటాం, ఓడితే పోతాం. జర్మనీలో ఉన్నవాళ్ళకి అది పరువు సమస్య, అమెరికాలో ఉన్న మాకు గడియారం సమస్య. మొదటి డివిజన్ శనివారం మ్యాచ్‌లు ఎక్కువగా మన సెంట్రల్ టైమ్ ప్రకారం పొద్దున ఎనిమిదిన్నరకి మొదలవుతాయి. రెండో డివిజన్‌వి ఆరింటికే. ఎనిమిదిన్నరకి హాల్ తెరిచేవాళ్ళు దొరుకుతారు, ఆరింటికి ఎవరు తెరుస్తారు? అంటే ఆ రోజు తేలాల్సింది క్లబ్ సంగతి ఒక్కటే కాదు. మిల్వాకీలో ఈ క్లబ్ అభిమానులం మేమంతా కలుసుకోవడం ఇక ముందు ఉంటుందా, ఉండదా అన్నది కూడా.

ఆరున్నరకి బయల్దేరాం. షామ్‌బర్గ్ నుంచి 90 హైవే మీద తూర్పుకి వచ్చి, 294 టోల్ రోడ్డెక్కి ఉత్తరానికి తిరిగి, 94 పట్టుకుంటే నేరుగా మిల్వాకీయే. శనివారం పొద్దున గంటన్నర చాలు. టోల్ అంతా ఇల్లినాయిస్‌లోనే, విస్కాన్సిన్‌లోకి అడుగుపెట్టాక ఉండదు. పెట్రోలుతో కలిపి రానూపోనూ ముప్ఫై డాలర్ల లోపే అయింది. చికాగో నుంచి రైలు కూడా ఉంది కానీ, షామ్‌బర్గ్ వాళ్ళకి ఆ స్టేషన్‌కి వెళ్ళడమే ఎదురు ప్రయాణం. కెనోషా దగ్గర ఆగి ఫ్లాస్క్‌లో తెచ్చుకున్న చాయ్ తాగాం. గురువారం మామయ్యకి హైదరాబాద్ ఫ్లైట్. సూట్‌కేసులు అప్పటికే మా ఇంటి ముందుగదిలో నిలబడి ఉన్నాయి.

"ఫైనల్ నాటికి నేనుండకపోతి," అన్నారు చాయ్ ఊదుకుంటూ.

"అక్కడ కూడా టీవీలో వస్తుంది కదా మామయ్యా. రాత్రి పదకొండున్నరకి."

"వస్తది. గానీ పక్కపొంటి ఎవరుంటరు? సత్తయ్య ఒక్కడు."

సత్తయ్య మామయ్యతో పాటు గనిలో పనిచేసిన స్నేహితుడు. ప్రతి వారం ఫోన్‌లో మ్యాచ్ కథ చెప్పి చెప్పి ఆయనకి కూడా ఈ పిచ్చి ఎక్కించారు. ఇప్పుడాయన మంచిర్యాలలో రాత్రి ఏడింటికి భార్య సీరియల్ ఆపేసి మరీ ఈ మ్యాచ్‌లు చూస్తున్నారు.

హాల్ ఊరికి పడమటి వైపు ఒక వీధిలో ఉన్న పాత ఇటుకల భవనం. బయట బోర్డు ఉండదు. అడ్రస్ కావాలంటే కామెంట్‌లో అడగండి. వెనక పార్కింగ్ ఉచితం. నడిపేదీ వండేదీ హెల్గా అనే ఒక్కావిడే, డెబ్భై దాటిన మనిషి. టిఫిన్, కాఫీ కలిపి పన్నెండు డాలర్లు, నగదు మాత్రమే. బంగాళాదుంప తురిమి, పెనం మీద కరకరలాడేలా కాల్చి, ఆపిల్ గుజ్జుతో ఇస్తుంది. మామయ్య వాటిని ఆలుగడ్డ అట్లు అంటారు. ఆపిల్ గుజ్జు పక్కకి నెట్టి, జేబులోంచి చిన్న డబ్బా తీసి మామిడికాయ తొక్కు నంజుకుంటారు. హెల్గా కూడా ఒక చెంచా తీసుకుంది, దగ్గింది, మళ్ళీ తీసుకుంది.

మా గుంపు పెద్ద కర్ట్, రిటైరైన స్కూల్ టీచర్. అందరి తరఫునా ఆయనే అడిగాడు. "హెల్గా, ఒకవేళ కింది డివిజన్‌కి పోతే?"

"ఆరింటికి మ్యాచ్ అంటే నాలుగింటికి స్టవ్ వెలిగించాలి. నా నడుము ఒప్పుకోదు, కర్ట్. గెలవండి, లేకపోతే డ్రా చేయండి," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడతో బేరాలుండవు.

ఈ హాల్లో ఒక నియమం ఉంది. మ్యాచ్ మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ ఒక బ్రెడ్ బుట్టలో పడాలి. మాకు తెర మీద వచ్చేది యాప్ ప్రసారం, అసలు ఆటకంటే బాగా వెనక నడుస్తుంది. ఫోన్‌లో గోల్ వార్త ముందే వచ్చేస్తే ఇక చూసేదేముంది? మామయ్య ఫోన్‌ని మాత్రం ఎప్పుడూ ఎవరూ అడగలేదు. పెద్దాయన, పైగా ఇండియా నంబర్. ఆయనకెవరు స్కోర్ పంపుతారని అందరి ధీమా. నాకైనా తట్టలేదు.

మొదటి సగంలోనే ఒక గోల్ తిన్నాం. రెండో సగంలో ఒకటి కొట్టి సమం చేశాం. ఇంకో పది నిమిషాలు అలాగే నెట్టుకొస్తే గట్టెక్కినట్టే. హాల్లో ఉన్న ముప్ఫైమందీ లేచి నిలబడి గని కార్మికుల పాట ఎత్తుకున్నారు. మామయ్యకి ఆ భాష రాదు, మాటలు రావు. బల్ల మీద అరచేత్తో దరువు వేస్తున్నారు. అప్పుడు ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"ఆఁ, సత్తన్నా," అన్నారు, రెండో చెవి మూసుకుని. విని, ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

తెర మీద బంతి ఇంకా మనవాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది. స్కోర్ సమంగానే ఉంది. కర్ట్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. హెల్గా గరిటె పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మామయ్య ముఖం చూడగానే నాకు సంగతి అర్థమైంది. మంచిర్యాలలో టీవీ మా కంటే ముందు నడుస్తోంది. అక్కడ అప్పుడే గోల్ పడిపోయింది. ఆయన ఒకసారి చుట్టూ అందరినీ చూశారు, నన్ను చూడకుండా తల తిప్పుకున్నారు. మళ్ళీ దరువు మొదలుపెట్టారు, ముందుకంటే గట్టిగా. నేను కూడా పాడాను. ఒక నిమిషం ఉంటుందేమో. ఆ తరువాత మనవాళ్ళ డిఫెండర్ బంతి జారవిడిచాడు, అవతలివాడు పరుగెత్తాడు, పాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఎవరూ ఏడవలేదు. కర్ట్ జెండాని నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టాడు. హెల్గా బుట్ట తిప్పింది, అందరూ ఫోన్లు తీసుకున్నారు, తెరిచి చూడలేదు.

"కప్ ఫైనల్ మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆ రోజు తెరుస్తాను. అదే ఆఖరు," అంది హెల్గా. తరువాత మామయ్య వైపు తిరిగి, "మీరు వస్తారుగా?" అంది.

"థర్స్‌డే, ఇండియా," అన్నారు మామయ్య. జేబులోంచి తొక్కు డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టారు. కడిగి ఇస్తానంది. వద్దని చెయ్యి ఊపారు.

తిరుగు ప్రయాణంలో రెసీన్ ఊరు దాటాం.

"నీకు సమజైందా అప్పుడు?" అని అడిగారు మామయ్య.

"అయింది మామయ్యా."

"మరి పాడితివి?"

"మీరు దరువేస్తుంటే పాడక ఏం చేయను?"

"చెప్పబుద్ధి గాలే బిడ్డా. అంత ఖుషీగ పాడుతున్నరు. జర్రసేపు పాడుకోనీ అనుకున్న." కిటికీ వైపు తిరిగి, "సత్తన్న మీద కోపమొచ్చింది," అన్నారు.

కప్ గెలిస్తే ఈ బాధ తీరిపోతుందని కర్ట్ అప్పుడే అందరికీ మెసేజ్ పెట్టాడు. నాకలా అనిపించడం లేదు. కప్ గెలిస్తే క్లబ్ అద్దాల బీరువాలో పెట్టుకుంటుంది. లీగ్ అలా కాదు, అది వారం వారం వెళ్ళడానికి మనకొక చోటు ఇస్తుంది. ఆగస్టులో కొత్త సీజన్ ఆరింటికి మొదలైనప్పుడు నేను మా సోఫాలో ఒక్కదాన్నే కూర్చుని చూస్తాను. మంచిర్యాలలో మాత్రం అది సాయంత్రం నాలుగున్నర, హాయిగా చాయ్ తాగే వేళ. ఈ మొత్తం వ్యవహారంలో లాభపడింది సత్తయ్య ఒక్కరే. నాకు బాధగా ఉంది, దాచుకోవడానికేమీ లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. వచ్చే శనివారమే వెళ్ళండి, ఆ తరువాత వెళ్తే తలుపు మూసి ఉంటుంది. ఆట ఒంటిగంటకే అయినా పన్నెండుకల్లా చేరండి, నగదు దగ్గర పెట్టుకోండి. ఫైనల్ కాబట్టి సీట్లు త్వరగా నిండుతాయి. దొరక్కపోతే నన్ను వెతుక్కుంటూ రండి, నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది.