కూత తెగిన చోట

ఈ ఉదయం మా బడి మైదానంలో ట్రాక్టరు కొబ్బరి పొట్టు దింపి వెళ్లింది. తడిసిన పొట్టు వాసన ముతకగా, కొంచెం పుల్లగా ముక్కుకు తగలగానే నాకు తెలియకుండానే నా నోట కూత మొదలైంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... ఆటల టీచరు ఒంటరిగా కూత పెట్టడం చూసి ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. పడినా మోకాళ్లు చెక్కుకుపోకుండా కోర్టులో కొబ్బరి పొట్టు పరవాలని నాకు నేర్పింది సత్తిబాబు మేష్టారు. ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. ఆ వాసనలో మాత్రం ఆయన ఇంకా ఉన్నారు.

మామిడికుదురు దగ్గర కొబ్బరి తోట ఉన్న రైతు ఆయన. ఒకప్పుడు మంచి ఆటగాడు. ఎడమచేతి చిటికెన వేలు ఎప్పుడో ఆటలో విరిగి, వంకరగా అతుక్కుంది. జిల్లా ఆడపిల్లల జట్టుకు ఆయనే కోచ్. జట్టులో అయిదుగురం మా చర్చి సంఘానికి చెందిన పిల్లలమే. ఆదివారం సాధన పెట్టబోతే, సంఘపెద్ద అయిన మా నాన్నగారు ఒప్పుకోలేదు.

"ఆరాధన అయ్యాకే ఆటండి. మధ్యలో లేపి పంపడం మా వల్ల కాదు" అన్నారు నాన్నగారు.

"ఆయ్, అలాగే కానివ్వండి. అయ్యేదాకా కూర్చుంటాను" అన్నారు మేష్టారు.

మందిరం బయట వేపచెట్టు కింద కూర్చుంటారనుకున్నాం. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి వచ్చి, చివరి వరసలో చాప మీద కూర్చున్నారు. నుదుట బొట్టు, చొక్కా జేబులో విజిలు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. ప్రార్థనలో మేం తలలు వంచితే ఆయనా తల వంచేవారు. ఒకసారి ఎవరో ఆటపట్టించారు: "ఏంటండీ సత్తిబాబుగారూ, మారిపోతారేంటి?"

"నా పిల్లల కోసం వచ్చేనండీ. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏమీ అనుకోడు లెండి" అన్నారు, శిలువ వైపు చూపించి. అందరూ నవ్వారు. నాన్నగారు కూడా.

నన్ను ఆయన కనిపెట్టింది అక్కడే. అప్పటిదాకా నేను కోర్టులో మూలన నిలబడి, కూతకొచ్చిన వాళ్లను పట్టుకునేదాన్ని. ఒక ఆదివారం ఆరాధన కాగానే దగ్గరికి పిలిచారు.

"ఇందాక పాటలో ఆ ఆఖరి చరణం ఎక్కడా ఊపిరి తియ్యకుండా పాడింది నువ్వేనా ఎస్తేరమ్మా?"

"అవునండీ."

"మరి ఇన్నాళ్లూ నిన్ను మూలన నిలబెట్టేనా! నా బుద్ధి మండిపోనూ. రేపట్నుంచి కూతకెళ్లు."

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. అవతలి మనిషి కూత తెగిందని చెవిన పడగానే, విజిలు కోసం చూడకుండా పట్టు వదిలెయ్యాలి. "ఊపిరి అయిపోయిన మనిషిని నేలకేసి నొక్కితే అది ఆట కాదమ్మా" అనేవారు. మిగతా కోచ్‌లు నవ్వేవారు. మాకు మాత్రం అది చేతుల్లోకి దిగిపోయింది. నాకూ, దేవికీ కూడా. దేవిది కాకినాడ దగ్గర ఊరు. జిల్లా ఒక్కటిగా ఉన్నప్పుడు మా ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే టిఫిను డబ్బా. జిల్లాలు విడిపోయాక తను కాకినాడ జట్టుకు వెళ్లిపోయింది.

విడిపోయిన మా కొత్త జిల్లాకు అది మొదటి సీజను. లీగులో మొదటి మ్యాచి అమలాపురంలో, ఆదివారం మధ్యాహ్నం. ఎదుట కాకినాడ జట్టు. మొదటి సగం మేం ఆడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సీజను అప్పుడే మొదలు కావడంతో ఒళ్లు ఇంకా బరువుగా ఉంది. కూతకు వెళ్లినదల్లా చిక్కిపోయింది. ఏడు పాయింట్లు వెనకబడ్డాం. విరామంలో మేష్టారు కోప్పడలేదు. "వాళ్లకీ ఆయాసంగానే ఉందమ్మా, నేను చూసేను. మాట్లాడకుండా నీళ్లు తాగండి" అన్నారు. రెండో సగంలో మా పట్టు కుదిరింది. ఒక్కొక్క పాయింటే పోగుచేసుకుంటూ స్కోరు సమానం చేశాం. ఆఖరి కూత నాది.

గీత దాటి లోపలికి వెళ్లి, తిరిగేలోపు దేవి నా మడమ పట్టుకుంది. బోర్లా పడ్డాను. మధ్య గీత మూరెడు దూరంలో ఉంది. డప్పుల హోరు. పొట్టు నోట్లోకి పోయింది. కూత తెగింది. గుటక వేసి, గుక్కెడు ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాను. కానీ ఆ తెగిన క్షణంలోనే దేవి వేళ్లు సడలాయి. నా చెయ్యి గీతను తాకింది. అంపైరు మాకు పాయింటు ఇచ్చాడు.

మా వాళ్లు నన్ను ఎత్తుకున్నారు. అవతల దేవి అంపైరు వెంట పడింది. "తెగిందండీ! నేను విన్నానండీ, అందుకే వదిలేను!" వాళ్ల కోచ్ అందరి ముందూ అరిచాడు: "విజిలు పడకుండా ఎవరొదలమన్నారే నిన్ను? వచ్చే మ్యాచికి బయటే కూర్చో!" దేవి మా మేష్టారి వైపు ఒక్కసారి చూసింది. ఆయన తల దించుకున్నారు.

వారమంతా ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు. మరుసటి ఆదివారం, నెలకోసారి రొట్టె పంచుకునే ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం నా ముందుకు వచ్చింది. చెయ్యి లేవలేదు. అర్పణ అక్కడే విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమన్న ఆజ్ఞను సండే స్కూలు నుంచి కంఠతా చెప్పినదాన్ని. పళ్లెం పక్కకు జరిపాను.

బయట మేష్టారు నన్ను ఆపారు. "ఆ పళ్లెం నీ దాకా వచ్చింది కదమ్మా. తీసుకోలేదేం?"

ఏడుస్తూ చెప్పాను, కూత తెగిందని.

"తెలుసమ్మా" అన్నారు. "ఆ చరణం అన్నిసార్లు విన్నవాణ్ణి, నీ ఊపిరి నాకు తెలీదా? కొత్త జిల్లాకి మొదటి గెలుపు కదా అని నోరు మెదపలేదు. నేను నేర్పిందే ఆ పిల్లని ముంచింది. వారం రోజులుగా అన్నం సయించట్లేదు. పద, బస్సుంది."

నాన్నగారు అడ్డు చెప్పలేదు. యానాం మీదుగా వెళ్లే బస్సు ఎక్కాం. దేవి వాళ్ల మైదానంలో జట్టు సాధన చేస్తుంటే, తను బూట్లు లేకుండా ఒక పక్కన కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి చెప్పాను.

"నాకెందుకే చెప్పడం? నాకు తెలుసుగా! అదిగో, ఆయనకి చెప్పు" అంది, వాళ్ల కోచ్‌ని చూపిస్తూ.

జట్టంతా వింటుండగా చెప్పాను. వాళ్ల కోచ్ మేష్టారి వైపు తిరిగాడు. "మీకు తెలిసీ చెప్పలేదాండీ?"

"లేదండీ. గెలుపు మీద ఆశపడ్డాను. తప్పు నాది కూడానండీ" అన్నారు మేష్టారు, తనకంటే చిన్నవాడి ముందు చేతులు జోడించి.

మేష్టారు లీగు వాళ్లకు ఉత్తరం కూడా రాశారు. ఫలితం మారలేదు. కానీ ఆ తర్వాతి మ్యాచిలో దేవి ఆడింది. తప్పు చెప్పుకుని తిరిగొస్తూ ఆ రోజు బస్సెక్కుతుంటే వెనక నుంచి అరిచింది కూడా: "ఒసే ఎస్తేరూ, ముందు ఊపిరి పట్టడం నేర్చుకో!" వారం రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

తర్వాతి నెల బల్ల దగ్గర రొట్టె అందుకుని వెనక్కి తిరిగితే, చివరి వరసలో మేష్టారు మోకాళ్ల మీద లేచి, నా చేతి వైపు తొంగి చూస్తున్నారు. చూసి, మళ్లీ చాప మీద కూర్చున్నారు. నా దేవుడు నాకు వాక్యం నేర్పడానికి ఎందరో బోధకులను ఇచ్చాడు. దాన్ని బస్సెక్కించి నడిపించడానికి మాత్రం నుదుట బొట్టున్న ఆ పెద్దాయనను పంపాడు. అందుకు దేవునికి స్తోత్రం. ఇప్పటికీ పళ్లెం వచ్చినప్పుడు చెయ్యి చాపే ముందు ఒక్క క్షణం ఆగుతాను, ఎవరికైనా వెళ్లి చెప్పాల్సింది మిగిలిందేమోనని.

ఈ ఉదయం పొట్టు పరవడం అయ్యాక పిల్లలకు మొదటి పాఠం అదే చెప్పాను. కూత తెగినట్టు వినపడితే వదిలెయ్యండి, విజిలు కోసం చూడకండి అని.

"వదిలేస్తే ఓడిపోతాం కదండీ?" అంది ముందు నిలబడ్డ పిల్ల.

"ఆయ్" అన్నాను, "ఒక్కోసారి ఓడిపోతాం."