తాళాల తల్లి

గోజ్రాలో సుగ్రా బీబీకి ఉన్న బిరుదులన్నీ అత్తగారు రజియా ప్రసాదించినవే. వాటిలో ఘనమైనది "తాళాల తల్లి". సుగ్రా పిండి డబ్బాకూ, బెల్లం పెట్టెకూ, చివరికి గేదె తవుడుకూ తాళాలు బిగించి, తాళంచెవుల గుత్తిని జడకుచ్చుకు కట్టుకు తిరిగేది. కారణం కొడుకు ముదస్సిర్. మూడేళ్లవాడు తవుడు కూడా వదిలేవాడు కాదు. తిన్నంత తిని, ఇంకో రొట్టె కోసం నేలబడి ఏడ్చేవాడు. ఒళ్లు ఎనిమిదేళ్లవాడిది. నాలుగడుగులకే ఆయాసం.

"మాషా అల్లా, వస్తాదు పుట్టాడు! కన్నతల్లి దిష్టే తగిలేట్టుంది," అనేది రజియా. ఆవిడ సుగ్రాకు సొంత మేనత్త కూడా. కనుక తిట్టడానికి రెండు హక్కులు.

ఆకలిని అదుపులో పెట్టే హార్మోను రక్తంలో ఉందో లేదో లాహోరు ఆసుపత్రిలో చూస్తారని తెలిసి, అత్తాకోడళ్లు పిల్లాణ్ని తీసుకుని బయలుదేరారు. పరగడుపున రమ్మన్నారు. వాడి ఏడుపుకు బస్సంతా న్యాయస్థానమైంది.

"సవతి తల్లివా ఏంటమ్మా?" అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు.

సుగ్రా సిగ్గుతో కిటికీవైపు తిరిగింది. రక్తం తీశాకగానీ కొడుకు మూతికి నెయ్యి కనబడలేదు.

"నేతి మిఠాయి ఉండ పెట్టావా అత్తా! పరీక్ష పాడు చేశావు కదే!"

"పరీక్షకు ఆకలేస్తుందా? పిల్లాడికి వేస్తుంది."

ఫలితం వచ్చేదాకా సుగ్రా ఆ ఉండనే తిట్టుకుంది. డాక్టరమ్మ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది.

"ఉండ కాదు, బుట్టెడు తిన్నా ఇంతేనమ్మా. 'ఇక చాలు' అని చెప్పే హార్మోను వీడి ఒంట్లో పుట్టుకతోనే లేదు. మీ ఆయన దగ్గరి చుట్టమా?"

"మేనత్త కొడుకు."

"అదీ సంగతి. ఇద్దరి రక్తంలోనూ ఒకటే లోపం."

"మందుందా?"

"సూదిమందు ఉంది. ఈ దేశంలో లేదు. పైదేశం వాళ్లను అడిగాం. పలకడం లేదు."

తప్పు తనదని తేలినా బాగుండేదని సుగ్రా లోలోపల అనుకుంది. తనదైతే దిద్దుకునేది.

ఇంటికి రాగానే ముదస్సిర్ పిండి డబ్బా ముందు చతికిలబడి, "దాదీ, రొట్టె," అని నాయనమ్మను అడిగాడు. రజియా లేచింది. తాళం సరిగ్గా పడిందో లేదోనని గట్టిగా గుంజి చూసింది. పడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది.

ఆనాటితో సుగ్రాను తిట్టే దిక్కు కూడా లేకుండా పోయింది.